స్వాతంత్ర్యప్రతిమలు : తెగిన సంకెల యర్థవిచారము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో న్యూయార్కు రేవుముఖమున నొక చిన్నదీవిపై నిలిచియున్న రాగిప్రతిమ జగత్ప్రసిద్ధము. కుడిచేత నెత్తిపట్టిన దివిటీ, ఎడమచేత ఫలకము, శిరమున నేడు కిరణముల కిరీటము: ఈ మూఁడు లక్షణములను బడిపిల్లవాఁడు సైత మెఱుఁగును. నాలుగవ లక్షణ మొకటి కలదు. అది యా దేవత పాదములకడఁ బడియున్న తెగిన సంకెల. క్రింద నిలిచి తలయెత్తి చూచువారి కది కానరాదు. వస్త్రపుఁ గుచ్చెళ్లు దానిని జాలవఱకుఁ గప్పివైచినవి. తక్కినదానిని బీఠపుటంచు మఱుఁగుపఱచుచున్నది. మీఁదినుండి తీసిన ఛాయాచిత్రములలో మాత్రమే యది స్పష్టముగాఁ గనఁబడును.

ఈ ప్రతిమ యర్థమునుగూర్చి రెండు పక్షములు కలవు. దేశాంతరములనుండి వచ్చు నిరాశ్రయులకు స్వాగతము చెప్పు తల్లి యని మొదటిపక్షము. నల్లజాతి బానిసల విమోచనమునకు నిలిపిన స్మారకచిహ్న మని రెండవపక్షము. మొదటిది లోకప్రసిద్ధము, రెండవది చరిత్రజ్ఞులలోఁ గొందఱు సాధింపఁబూనినది. ఈ రెంటిలో నేది మూలము, ఏది పిదప నారోపింపఁబడినది, ఆరోపితమైనంత మాత్రమున నది యసత్య మగునా యనునది విచారింపవలసిన విషయము. ఇది యొక్క ప్రతిమకే సంబంధించిన ప్రశ్న కాదు. ఱాతను లోహమునను స్వాతంత్ర్యమునకు రూపము కల్పింపఁబూనిన ప్రతిజాతికిని దప్పని ప్రశ్న.

మొదట శబ్దవిచారము. స్వాతంత్ర్యశబ్దము స్వతంత్రశబ్దముపై భావార్థకప్రత్యయము చేరఁగా సిద్ధించినది. పాణిని కారకప్రకరణమునఁ గర్తను నిర్వచించుచు స్వతంత్రుఁ డగువాఁడే కర్త యని విధించెను. అచ్చట భాష్యకారుఁడు తంత్రశబ్దమునకుఁ బడుగు పఱచుట యనియు, ప్రాధాన్య మనియు రెండర్థములు చూపెను. మొదటి యర్థము గ్రహించినచోఁ దన పడుగు తనకుఁ గల సాలెవాఁడే కర్త కావలసివచ్చు నని శంకించి, రెండవ యర్థమే గ్రాహ్య మని నిర్ణయించెను. కావునఁ గ్రియయందుఁ దానే ప్రధానుఁ డగువాఁడు స్వతంత్రుఁడు. ఒరునిచేఁ బ్రేరితుఁడై పనిచేయువాఁడు సైతము తన వ్యాపారమునందుఁ గర్తయే యని శాస్త్రమర్యాద. ఆపాటి కర్తృత్వమునైన నంగీకరింపక, మనుష్యుని గొనఁదగిన కర్మముగను, పనిముట్టువంటి కరణముగను జేయుటయే దాస్యము. కాఁబట్టి స్వాతంత్ర్యప్రతిమ నేదేని చూచినపుడు వేయవలసిన ప్రశ్న యిది: ఈ శిల్పమునందుఁ గర్త యెవఁడు?

స్వాతంత్ర్యమును స్త్రీరూపమున భావించుట రోమకుల యాచారము. లిబర్తాస్ అను పేర వారు పూజించిన యా దేవతకు రోమునగరపు టవెంటైను కొండపైఁ గ్రీ. పూ. 3 వ శతాబ్దమున నాలయము కట్టఁబడినది. ఆమె ముఖ్యచిహ్నము మెత్తని కుళ్లాయి. దాస్యమునుండి విడుదల చేయఁబడినవాఁడు ధరించు తలపాగ యది. క్రీ. పూ. 44 లో జూలియస్ సీజరు హతుఁడైన పిమ్మట బ్రూటసు వేయించిన నాణెముపై రెండు బాకుల నడుమ నీ కుళ్లాయియే ముద్రింపఁబడినది. అంతవఱకు నొక బానిస విడుదలకు గుఱుతైన వస్తువు, అప్పటినుండి యొక రాజ్యము నిరంకుశునినుండి విడుదల యగుటకుఁ గూడ గుఱుతయ్యెను. రాజకీయస్వాతంత్ర్యచిహ్నములకు మూలము బానిస శిరోవేష్టన మను విషయము మఱవరానిది. ఫ్రెంచి విప్లవకారు లెఱ్ఱకుళ్లాయి ధరించుటకుఁ గారణ మిదియే. కాలక్రమమున నీ కుళ్లాయి, ఫ్రిజియా దేశీయుల కుళ్లాయి, రెండును గలిసి యొక్కటిగాఁ జెల్లినవి.

ఈ మూల మెంత బలవత్తరమో వాషింగ్టను నగరపు శాసనసభామందిర గోపురముపై నున్న స్వాతంత్ర్యప్రతిమ చరిత్రమువలనఁ దెలియును. దానిని రూపొందించినవాఁడు థామస్ క్రాఫర్డు అను శిల్పి. 1850 తరువాతి దశకమున నాతఁడు పంపిన నమూనాలో దేవత శిరమున విడుదలకుళ్లాయి యుండెను. నాఁడు యుద్ధకార్యదర్శియై మందిరనిర్మాణముపై నధికారము వహించియున్న జెఫర్సన్ డేవిస్ దాని నంగీకరింపఁడయ్యెను. ఆ కుళ్లాయి విడుదలనొందిన బానిసల చిహ్న మనియు, పుట్టుకచే స్వతంత్రులైన ప్రజల కది యనుచిత మనియు నాతని యాక్షేపము. శిల్పి కుళ్లాయిని దీసివేసి, గ్రద్దతలయు నీకలునుగల శిరస్త్రాణము నమర్చెను. డేవిస్ పిదప బానిసత్వమును నిలుపుకొనఁ బోరాడిన దక్షిణరాష్ట్రకూటమి కధ్యక్షుఁ డయ్యెను. ఆతఁడు చిహ్నార్థమును దప్పుగా గ్రహించెనని చెప్ప వీలులేదు. ఎల్లరికంటె బాగుగా గ్రహించినవాఁ డాతఁడే. కనుకనే దానికి భయపడెను.

ఆ ప్రతిమను గంచున పోఁతపోసిన కర్మాగారమున ఫిలిప్ రీడ్ అను బానిస పనిచేసెను. సుద్దనమూనా భాగముల యతుకు లెక్కడనున్నవో తెలియక పని నిలిచిపోఁగా, కప్పీతో దానిని మెల్లగఁ బైకి లాగించి, విచ్చిన సందులనుబట్టి యతుకులను గనిపెట్టినవాఁ డీతఁడే యని ప్రసిద్ధి. వారమున నాఱుదినముల కూలి యజమానునిది. ఆదివారముల కూలి మాత్ర మీతనిది. 33 ఆదివారములకు దినమునకు డాలరుంబాతిక చొప్పున 41 డాలర్ల 25 సెంట్లు రీడ్‌నకుఁ జెల్లించినట్లు ప్రభుత్వపు లెక్కలలో నున్నది. 1862 ఏప్రిలులో వాషింగ్టను మండలమున బానిసత్వము రద్దయి యాతఁడు విముక్తుఁ డయ్యెను. 1863 డిసెంబరు 2 వ తేదీన 19½ అడుగుల యా ప్రతిమ గోపురాగ్రమున నిలుపఁబడినది. స్వాతంత్ర్యప్రతిమను బోఁతపోయుటలోఁ బాలుగొన్నవాఁడు బానిస. ఆ ప్రతిమ శిరమునుండి తొలగింపఁబడినది యాతని చిహ్నము.

రెండవ యుదాహరణము 1876 ఏప్రిలు 14 వ తేదీన నదే నగరమున నావిష్కరింపఁబడిన విమోచనస్మారకము. థామస్ బాల్ దాని శిల్పి. అబ్రహాము లింకను నిలుచుండి చేయి చాఁచియుండఁగా, సంకెల తెగిన నల్లజాతివాఁ డొకఁ డాతని పాదములకడ మోకాలిపై నున్నాఁడు. దీనికి ధన మిచ్చినవారు విముక్తులైన బానిసలే. షార్లటు స్కాటు అను స్త్రీ విడుదలయైన పిదపఁ దాను సంపాదించిన 5 డాలర్లు మొదట నిచ్చి యీ ప్రయత్నమునకు నాంది పలికెను. మోకాలిపై నున్న మూర్తికి ముఖసాదృశ్య మిచ్చిన ఆర్చర్ అలెగ్జాండరు, ఒకరు విడిపింపఁగా విడిపోయినవాఁడు కాఁడు. యజమానుని బారినుండి తానై తప్పించుకొని పోయినవాఁడు. ధనమిచ్చుటలోను దప్పించుకొనుటలోను గర్తలైన వారు శిల్పమునఁ గర్మముగా మాఱిరి. ఆవిష్కరణదినమునఁ బ్రధానోపన్యాస మొసఁగిన ఫ్రెడరిక్ డగ్లస్, తానును బానిసగాఁ బుట్టి పాఱిపోయి విద్వాంసుఁడైనవాఁడు, కొలఁదిదినములకే యొక పత్రికకు లేఖ వ్రాసి, నల్లజాతివాఁడు మోకాలిపైఁ గాక మనుష్యునివలె నిటారుగ నిలిచిన ప్రతిమను దాను జూడఁగోరుచున్నట్లు తెలిపెను. ఈ స్మారకమునకుఁ బ్రతికృతిగా బోస్టను నగరమున 1879 లో నెలకొల్పఁబడిన శిల్పము 2020 డిసెంబరులోఁ దొలగింపఁబడినది.

ఇఁక న్యూయార్కు ప్రతిమ. దీని భావమునకు మూలపురుషుఁడు ఎదువార్ ద లబూలే అను ఫ్రెంచి న్యాయశాస్త్రవేత్త. అమెరికా చరిత్రము రచించినవాఁడు. బానిసత్వనిర్మూలనమునకై ఫ్రాన్సునఁ బాటుపడిన వారిలో నగ్రగణ్యుఁడు. 1865 లో వెర్సాయి సమీపమునందలి తన గృహమున విందుసమయమున నాతఁ డీ స్మారకమును బ్రసంగవశమున సూచించె నని యొక కథ కలదు. ఇది యిరువదియేండ్లకుఁ బిదప, 1885 లో, శిల్పి ధనసేకరణార్థము ప్రకటించిన చిన్నపొత్తము వలనఁ దెలియవచ్చినది. కావున దీనిని నిస్సంశయప్రమాణముగాఁ గొనఁగూడ దని నేఁటి చరిత్రజ్ఞుల మతము. విందుకథ నిలిచినను నిలువకున్నను, లబూలే యభిప్రాయము మాత్రము సందిగ్ధము కాదు. 1865 డిసెంబరులో 13 వ సవరణము చేత నమెరికారాజ్యాంగము బానిసత్వమును నిషేధించినది. మూఁడవ నెపోలియను నిరంకుశపాలనలో నున్న ఫ్రాన్సునకు, బానిసత్వమును రూపుమాపియు గణరాజ్యముగ నిలిచిన యమెరికా యాదర్శ మని యాతఁ డెంచెను. అయినను విప్లవముల రక్తపాత మాతని కిష్టము కాదు. 1876 లోఁ జేసిన యుపన్యాసమున, ఎఱ్ఱకుళ్లాయి పెట్టి యీఁటె పట్టి శవములపై నడచు స్వాతంత్ర్యము తమది కాదని యాతఁడు స్పష్టముగాఁ జెప్పెను. కుళ్లాయికి బదులు కిరణకిరీటమును, ఈఁటెకు బదులు దివిటీయు వచ్చుట కిది యొక కారణము.

శిల్పి ఫ్రెడెరిక్ ఓగ్యూస్ట్ బార్తోల్డీ 1834 లో ఆల్సేసు మండలమునందలి కొల్మారున జన్మించెను. 1869 లో నాతఁడు సూయజుకాలువ ముఖమున, ఆసియాకు వెలుఁగు నందించు ఈజిప్టు అను భావముతో, దివ్వె యెత్తిన కృషీవలస్త్రీ మూర్తిని నిలుపఁదలఁచి, ఈజిప్టు ప్రభువైన ఇస్మాయిలు పాషాకు నమూనా చూపెను, అది నెఱవేఱలేదు. ఆ ప్రయత్నమునకు న్యూయార్కు ప్రతిమతో సంబంధము లేదని శిల్పి పిదప వాదించినను, రెండు నమూనాలను జూచినవారి కా వాద మొప్పిదముగఁ దోఁపదు. 1871 లో ఫ్రాన్సు జర్మనులకు లోఁబడి ఆల్సేసును గోలుపోయెను. జన్మభూమి పరాధీన మైన యా సంవత్సరమే బార్తోల్డీ యమెరికాకుఁ బయనమై, రేవులోఁ బ్రవేశించుచు నీ దీవిని బ్రతిమకుఁ దగినచోటుగా నెంచుకొనెను.

ఇచ్చట ముఖ్యమైన సాక్ష్య మొకటి కలదు. 1870 ప్రాంతమునఁ జేయఁబడిన తొలి మృణ్మయప్రతిమలో దేవత యెడమచేతఁ దెగిన సంకెలయే యుండెను. పిదప దానిస్థానమున, 1776 జూలై 4 అను నమెరికా స్వాతంత్ర్యప్రకటన దినము రోమక సంఖ్యలతో లిఖింపఁబడిన ఫలకము వచ్చినది. సంకెల చేతినుండి కాలికడకు జాఱినది. ఈ మార్పునకు శిల్పి కారణము వ్రాసిపెట్టినట్లు కానరాదు గాని, ఫలము స్పష్టము. చేతనున్నది వాచ్యము, కాలికడ నున్నది వ్యంగ్యము. బానిసవిమోచన మీ ప్రతిమయందు మొదట వాచ్యముగ నుండి, పిదప వ్యంగ్యమాత్ర మైనది. మూలార్థమే లేదనువారికి మృణ్మయప్రతిమ ప్రత్యుత్తరము. అదియొక్కటియే యర్థ మనువారికి ఫలకము ప్రత్యుత్తరము.

నిర్మాణవిధానము గూడఁ దెలియఁదగినది. 2.4 మిల్లీమీటర్ల దళసరి గల రాగిరేకులను గొయ్యయచ్చులపై నుంచి సుత్తులతోఁ గొట్టి రూపము దేర్చిరి. లోపలి కట్టడమును మొదట వియొలే-ల-ద్యూక్ ఆలోచించెను. 1879 లో నాతఁడు మరణింపఁగా గుస్తావ్ ఐఫెల్ ఆ భారము వహించి, నడుమ నినుపస్తంభమును, దానినుండి రేకుల నంటి పట్టుకొను సన్నని యినుపకడ్డీలను గల్పించెను. రేకు మోయుట లేదు, మోయఁబడుచున్నది. గాలికిని వేఁడికిని గొంత కదలుట కవకాశ ముండుటచేతనే యది నిలిచియున్నది. దివిటీ పట్టిన చేయి 1876 లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమునను, శిరస్సు 1878 లో బారిసు ప్రదర్శనమునను జూపఁబడినవి. పూర్ణప్రతిమ పాదమునుండి దివిటీ కొనవఱకు 151 అడుగుల 1 అంగుళము. పీఠముతోఁ గూడ 305 అడుగులు. 1885 జూన్ 17 వ తేదీన ఇజేర్ అను ఫ్రెంచినౌక దానిని 350 ముక్కలుగ 214 పెట్టెలలో న్యూయార్కునకుఁ జేర్చినది.

ప్రతిమ ఫ్రెంచి ప్రజల చందా. పీఠ మమెరికనుల వంతు. రిచర్డ్ మారిస్ హంట్ చిత్రించిన పీఠమునకు ధనము చాలక పని నిలిచిపోఁగా, హంగరీనుండి వలసవచ్చి పత్రికాధిపతియైన జోసఫ్ పులిట్జర్ 1885 మార్చిలోఁ దన పత్రికాముఖమున విజ్ఞప్తి చేసి, ఎంత స్వల్ప మిచ్చినను దాత పేరు ప్రకటింతునని వాగ్దానము చేసెను. అయిదునెలలలో 1,20,000 మందికిఁ బైగా దాతలు లక్షడాలర్లకు మించి యిచ్చిరి. వారిలోఁ బెక్కండ్రు డాలరునకుఁ దక్కువ నిచ్చిన సామాన్యులు.

ఆ చందాకాలముననే యొక ప్రతివచనము వెలువడినది. 1882 లోఁ జేసిన చట్టముచేతఁ జీనాకూలీల ప్రవేశము నిషేధింపఁబడియుండెను. చీనావారినిఁ గూడఁ బీఠమునకుఁ జందా యడుగఁగా, సౌమ్ సాంగ్ బో అను చీనాదేశీయుఁడు 1885 లో నొక లేఖ ప్రకటించి, తమకు ద్వారము మూసిన దేశమున స్వాతంత్ర్యదేవతకుఁ బీఠము కట్టఁ దమ్మే ధన మడుగుట యవమాన మని వ్రాసెను. 1886 అక్టోబరు 28 వ తేదీన, వానయు మంచును గ్రమ్మిన దినమున, అధ్యక్షుఁడు గ్రోవర్ క్లీవ్‌లండు సమక్షమున నావిష్కరణము జరిగెను. వక్త యొకఁడు నడుమ నాఁగఁగా, ప్రసంగము ముగిసెనని భ్రమించి బార్తోల్డీ మేలిముసుఁగును ముందే జాఱవిడిచెనఁట. స్వాతంత్ర్యము స్త్రీమూర్తి యయ్యును, ఆనాఁడు దీవిపై స్త్రీల కించుమించుగాఁ బ్రవేశము లేదు. శిల్పిభార్యవంటి యొకరిరువురు మాత్ర ముండిరి. వోటుహక్కు గోరు స్త్రీలు వేఱొకనావను గుదుర్చుకొని, నీటిమీఁదనుండియే తమ యాక్షేపమును జాటిరి. వోటు వారికి 1920 లోఁ గాని రాలేదు. క్లీవ్‌లండు నగరమున నల్లజాతివారు నడపుచుండిన గెజెటు పత్రిక, దక్షిణదేశమున నల్లవానికి రక్షణ కలుగువఱకు నా దివిటీని వెలిగింపవల దని యదే నవంబరులో వ్రాసెను.

ఈ మువ్వురి మాటలను బ్రతిమపై ద్వేషముచేఁ బలికిన వని తలఁచుట పొరపాటు. ప్రతిమ చెప్పుచున్నదానిని నిజముగ స్వీకరించిన వారు వీరే. తక్కినవా రుత్సవము చేసిరి. వీ రర్థ మడిగిరి.

స్వాగతార్థము వచ్చిన తెఱఁగు వేఱు. రష్యానుండి పాఱివచ్చిన యూదులకు సాయపడుచుండిన కవయిత్రి ఎమ్మా లాజరస్ 1883 లోఁ బీఠనిధి సహాయార్థము చతుర్దశపది యొకటి రచించెను. అది యావిష్కరణదినమునఁ జదువఁబడలేదు. ఆమె 1887 లో మరణించెను. స్నేహితురాలి ప్రయత్నమున 1903 లో నది కంచుఫలకముపైఁ జెక్కఁబడి పీఠములోపలఁ జేర్పఁబడినది. ఆవలి యెల్లిస్‌దీవిలో 1892 మొదలు 1954 వఱకు నడచిన పరీక్షాకేంద్రముద్వారా సుమారు 1 కోటి 20 లక్షలమంది యా దేశమునఁ బ్రవేశించిరి. వారి యోడలకు మొదటఁ గనఁబడిన దీ దివిటీయే. కావున నీ యర్థమును గల్పించినది శిల్పి కాదు, రాజ్యము కాదు; ఒక కవయిత్రియు, ఓడలపై నిలిచి చూచిన జనులును.

ఆ స్వాగత మందఱిది కాదు. 1917 నాఁటి చట్టము భారతీయులకుఁ బ్రవేశము నిషేధించెను. 1923 లో నచ్చటి యున్నతన్యాయస్థానము భారతీయులు పౌరత్వమున కర్హులు కారని తీర్పు చెప్పెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టను చేరిన దా కాలముననే. లోకోపకారకములైన యౌషధములను గనిపెట్టిన యా యాంధ్రుఁడు తన జీవితమునఁ బెద్దభాగ మచ్చటఁ బౌరత్వమున కనర్హుఁడుగనే గడపి, 1948 లో మరణించెను. 1946 నాఁటి చట్టము పౌరత్వార్హత నిచ్చినను, భారతదేశమంతటికి నేఁటికి 100 మందిని మాత్రమే యనుమతించెను. జన్మదేశమునుబట్టి వంతులు కట్టు పద్ధతిని రద్దుచేసిన చట్టముపై అధ్యక్షుఁడు లిండన్ జాన్సన్ 1965 అక్టోబరు 3 వ తేదీన సంతకము చేసెను. సంతకమునకై యెంచుకొనఁబడిన స్థల మీ ప్రతిమ పాదమూలమే. పిదపఁ దెలుఁగుకుటుంబములు వేలకొలఁది యా దేశమున స్థిరపడినవి. ప్రతిమ నిలిచిన 79 ఏండ్లకు స్వాగతార్థము మన కన్వయించిన దన్నమాట.

ఇఁక సిద్ధాంతము. శబ్దములు యౌగికములు, రూఢములు, యోగరూఢములు నని త్రివిధములు. పంకజశబ్దమున బురదయందుఁ బుట్టిన దను నవయవార్థమును, పద్మ మను రూఢార్థమును గలిసియుండును. బురదఁ బుట్టిన ప్రతివస్తువును బంకజము కాదు. పద్మమని పలికినంతమాత్రమున బురదలోఁ బుట్టుట యసత్యమును గాదు. ఈ ప్రతిమయు యోగరూఢమే. తెగినసంకెల యవయవార్థము, స్వాగతము రూఢార్థము. రూఢి బలీయ మని యవయవార్థమును మఱచుట మొదటిపక్షమువారి దోషము. అవయవార్థమునకై రూఢిని దిరస్కరించుట రెండవపక్షమువారి దోషము. రెంటిని గలుపు సూత్ర మొకటి కలదు: బానిసయు, నిరాశ్రయుఁడును, ఇరువురును గర్తృత్వము గోలుపోయినవారు, దానిని దిరిగి పొందఁగోరినవారు. కుళ్లాయిని దీయించినవాఁడును, మోకాలిపై నిలిపినవాఁడును, ద్వారము మూసినవాఁడును వారి కా కర్తృత్వమును నిరాకరించిరి. చందా యిచ్చిన విముక్తస్త్రీయు, లేఖ వ్రాసిన చీనీయుఁడును, నావపైనుండి కేకవేసిన స్త్రీలును దానిని దామై చేపట్టిరి. ప్రతిమ కర్థ మిచ్చిన కర్తలు వీరు.

శిల్పమునందే దీనికిఁ దార్కాణము కలదు. ఎదుట నిలిచి చూచువారి కా దేవత కదలక నిలిచినట్లు తోఁచును. వెనుకకుఁ బోయి చూచినచో, కుడిమడమ పైకి లేచియుండును. సంకెలను దాఁటి యడుగు వేయుచున్నది. అడుగు లేచినది గాని యింకను నేలఁ బడలేదు. ఆరంభింపఁబడి ముగియని క్రియను వైయాకరణులు వర్తమాన మందురు. ఆ ప్రతిమయందలి క్రియయు వర్తమానమే.